పత్తి చేలో ఇనోబత్‌కు మోగిన కర్నాయ్

మా తాల్‌బులాక్‌లో మదామిన్ అకా, అంటే మదామిన్ అన్న, లేకుండా ఏ శుభకార్యమూ జరిగేది కాదు. పెళ్లికొడుకు ఇంట్లోంచి బయల్దేరాలన్నా, పిల్లవాడికి సున్తీ చేసి విందు పెట్టాలన్నా, సైన్యం నుంచి కొడుకు తిరిగొచ్చాడని ఊరికి తెలియాలన్నా ముందు ఆయన కర్నాయ్ మోగాలి. మనిషి కంటే పొడవైన ఇత్తడి బూర అది. ఆకాశం వైపు ఎత్తి ఊదితే కాలువ అవతలి ఊళ్లో గాడిదలు కూడా చెవులు నిక్కించేవి. ఊదే మనిషి మాత్రం పొట్టి, బక్కపలచన. ఊది ఊది బుగ్గలు మాత్రం తిత్తుల్లా సాగిపోయాయి. "మా ఆయన ఒంట్లో ఉన్న కాస్త కండా మొహానికే చేరింది" అనేది ఆయన భార్య హయ్రినిసా.

పెళ్లిళ్లు ఏడాది పొడుగునా ఉండవు. అందుకని మిగతా రోజుల్లో ఆయన మా బడిలో చలి కాచుకునే పొయ్యిలు రాజేసే పని చేసేవాడు. బొగ్గు బకెట్‌తో తరగతిలోకి వచ్చి, పొయ్యి రాజేశాక కూడా వెంటనే వెళ్లేవాడు కాదు. చేతులు కాచుకుంటున్నట్టు నటిస్తూ పాఠం అయ్యేదాకా గోడకానుకుని నిలబడేవాడు. లెక్కలు చెప్పే రాబియా ఆపా ఒకసారి నవ్వుతూ అడిగింది: "ఏమైనా అర్థమైందా అకా?"

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అర్థమైనప్పుడు వీళ్ల మొహాలు చూడ్డానికి బాగుంటుంది, అందుకని నిలబడ్డా."

సెప్టెంబరు సగం గడిచిందంటే బడికి తాళం పడేది. అయిదో తరగతి నుంచి పైవాళ్లమంతా నడుముకు ఒడి సంచులు కట్టుకుని పత్తి చేలకు పోవాల్సిందే. మంచు పడేదాకా అదే మా బడి. పొయ్యిలతో పని లేదు కాబట్టి మదామిన్ అకా కూడా చేలకే వచ్చేవాడు. ఆయనకు అక్కడ వేరే పని పెట్టారు. సాయంత్రం కాటా దగ్గర తూకాలయ్యాక, చేను గట్టున చావడి ముందు ఒక పలక నిలబెట్టేవారు. అందరికంటే ఎక్కువ పత్తి తీసినవాడి పేరు ఆ పలక మీద విమానం బొమ్మ పక్కన. అందరికంటే తక్కువ తీసినవాడి పేరు తాబేలు బొమ్మ పక్కన. విమానం ఎక్కినవాడికి కర్నాయ్ ఊదాలి, తాబేలు ఎక్కినవాడిని చూసి అందరూ నవ్వాలి. సామూహిక క్షేత్రం అధ్యక్షుడి ఆజ్ఞ అది. ఆయన్ని ఊరంతా రయిస్ అనే పిలిచేది. అసలు పేరు ఆయన తల్లికి తప్ప ఎవరికీ గుర్తుందనుకోను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది తాబేలు బొమ్మ పక్కన దాదాపు ప్రతిరోజూ ఒకటే పేరు ఉండేది. ఇనోబత్. ట్రాక్టర్ నడిపే యూల్దాష్ కూతురు, మా తరగతే. చేలో ఆమె సాలు నా పక్క సాలే కాబట్టి ఏం జరిగేదో నాకు తెలుసు. కాసేపు బాగానే తీసేది. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయేది. ఒక పత్తి పుల్ల విరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో గీతలు గీస్తూ ఉండిపోయేది. "ఒసేయ్, మళ్లీ తాబేలు ఎక్కిస్తారే" అంటే, "ఎక్కించనీ. అది నెమ్మదిగా పోతుంది, ఆలోచించుకోవడానికి వీలు" అనేది.

ఆ వసంతంలోనే రాబియా ఆపా ఆమె చేసిన లెక్కల్ని తాష్కెంట్‌లో పిల్లలకు పెట్టిన ఒక పోటీకి పంపింది. ఆ సంగతి మేమంతా మర్చిపోయాం. అక్టోబరులో ఒక రోజు మధ్యాహ్నం టపా మనిషి సైకిల్ తొక్కుకుంటూ నేరుగా చేను గట్టుకే వచ్చాడు. కాసేపటికి రాబియా ఆపా తల గుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా సాళ్లకు అడ్డంగా పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఎర్ర అంచు ప్రశంసాపత్రం. రిపబ్లిక్ మొత్తం మీద మొదటి స్థానం ఇనోబత్‌ది.

ఆపా ఆమెను కావలించుకుని గిరగిరా తిప్పింది. అంతలో మా బడి పెద్ద సత్తార్ దోమ్లా, అంటే సత్తార్ మాస్టారు, వచ్చాడు. చెడ్డవాడు కాదు. బెదురు మనిషి, అంతే. పత్రం చూసి కళ్లు మెరిశాయి. వెంటనే అటూ ఇటూ చూసి, దాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఏంటి దోమ్లా ఇది?" అంది ఆపా.

"మంచి విషయమేనమ్మా, కాదన్నానా? పైవాళ్లు పెట్టిన పత్తి ప్లాన్ పూర్తవనీ. బడి తెరిచాక చూద్దాం."

"ఇవాళ సాయంత్రం చావడి దగ్గర ఒక్క మాట చెబితే ఏం పోతుంది?"

"ఏం పోతుందా? తాబేలుకు బహుమానమేంటని రయిస్ అడిగితే నువ్వు చెబుతావా జవాబు? పిల్లలంతా పత్తి మానేసి లెక్కలు చేస్తే, ఆ ప్లాన్ నా మెడకు చుట్టుకుంటుంది."

సాయంత్రం తూకాలయ్యాయి. రయిస్ జీపులో వచ్చాడు. విమానం పేరు చదివారు, మదామిన్ అకా కర్నాయ్ ఊదాడు, మేం చప్పట్లు కొట్టాం. తాబేలు పేరు చదివారు, అలవాటు ప్రకారం నవ్వాం. ఇనోబత్ నేల చూస్తూ నిలబడింది. మదామిన్ అకా బూర దించి పక్కకు చూస్తే రాబియా ఆపా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందమ్మా?"

ఆపా గొంతు తగ్గించి అంతా చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"రిపబ్లిక్ మొత్తంలోనా?"

"మొత్తంలో."

"మన ఇనోబతా? ఈ తాబేలు పిల్లేనా?"

ఇంకేమీ అడగలేదాయన. చావడి మెట్టెక్కి నిలబడ్డాడు. "జనమా, వినండి! యూల్దాష్ కూతురు ఇనోబత్! లెక్కల్లో రిపబ్లిక్ మొత్తానికీ మొదటిది!" అని అరిచి, కర్నాయ్ పైకెత్తి ఊదాడు. విమానానికి ఊదే పొట్టి కూత కాదది. పెళ్లికొడుకు గుమ్మం దాటేటప్పుడు ఊదే పొడుగు పిలుపు. పక్క చేలల్లో ఉన్నవాళ్లు నడుములెత్తి చూశారు. మల్బరీ చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. ఇక ఆగలేదు, సంచులు గాల్లోకి ఎగరేశాం.

రయిస్ మెల్లగా నడిచి వచ్చాడు. "ఏయ్ మదామిన్. ఆ పిల్ల ఇవాళ ఎన్ని కిలోలు తీసింది?"

"కిలోల సంగతి కాటాను అడుగు, రయిస్ బాబా. నేను బుర్ర సంగతి ఊదాను."

"ఈ చేలో పత్తికి తప్ప దేనికీ బూర మోగదు."

"ఇప్పుడే మోగిందిగా!"

రయిస్ మొహం నల్లబడింది. డ్రైవర్‌ని పిలిచి బూర లాక్కోమన్నాడు. అది జీపులో పట్టలేదు. ఎటు తిప్పినా సగం బయటికే వచ్చింది. చివరికి ఒక కిటికీలోంచి దూర్చి ఇంకో కిటికీలోంచి బయటికి తీసి పట్టుకెళ్లారు. దారి పొడుగునా మల్బరీ కొమ్మలకు తగిలి అది టంగు టంగుమంటూనే ఉంది. మదామిన్ అకా తండ్రి నాటి బూర అది. దాన్ని గోదాములో పెట్టి తాళం వేశారు.

ఇక తగ్గుతాడనుకున్నారంతా. మర్నాడు సాయంత్రం ఆయన భుజాన ఒక పొగ గొట్టంతో వచ్చాడు. బడి పొయ్యిది. ఊదే మూతి ముక్క ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. దానికి తడి గుడ్డ చుట్టి గొట్టంలో బిగించాడు. విమానం పేరు చదవగానే, రయిస్ "చప్పట్లు చాలు" అంటుండగానే, "ఇనోబత్! లెక్కల్లో మొదటిది!" అని అరిచి ఊదాడు. ఈనబోతున్న ఆవు అరిచినట్టు వచ్చింది శబ్దం. గొట్టంలోంచి మసి ఎగిరి ముందు వరసలో ఉన్న దోమ్లా టోపీ మీద పడింది. నవ్వలేక చచ్చాం. జీపు డ్రైవర్ కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వు ఇనోబత్ మీద కాదని ఆమెకు తెలుసు. మొదటిసారి తలెత్తి మాతో పాటే నవ్వింది.

మూడో రోజూ ఊదాడు. నాలుగో రోజు ఆయన్ని బడి పనిలోంచి తీసేశారు. మదామిన్‌ని శుభకార్యాలకు పిలిచినవాళ్లకు పెళ్లి పలావుకు గోదాములోంచి బియ్యం రావని కూడా రయిస్ ఊళ్లో చెప్పించాడు.

ఆ రాత్రి భోజనాల వేళ యూల్దాష్ మదామిన్ అకా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అకా, నీకు దండం పెడతా. మా మానాన మమ్మల్ని బతకనీ. రేపు నా ట్రాక్టర్ లాక్కుంటే నేనేం తినను?" అన్నాడు.

మదామిన్ అకా జవాబు చెప్పేలోపే హయ్రినిసా అందుకుంది. "ఏమయ్యా యూల్దాష్! ఇంట్లో పొద్దు పొడిస్తే కిటికీకి దుప్పటి కడతావా? మా ఆయన పని పోయింది. నేనేడుస్తున్నానా? నీ ట్రాక్టర్ ఇంకా పోనే లేదు, అప్పుడే ఏడుపా?"

"నువ్వు ఆడదానివి, నీకేం తెలుసు వదినా..."

"ఆడదే కదయ్యా మొదటొచ్చింది! మరిచావా?"

యూల్దాష్ వెనకే చీకట్లో ఇనోబత్ ఉందని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ముందుకొచ్చి, "ఊదొద్దని చెప్పకు నాన్నా. నాకు వినాలనుంది" అంది. యూల్దాష్ కూతురి వైపు చూసి చూసి, గుమ్మంలోనే చతికిలబడ్డాడు. హయ్రినిసా అతని చేతికి టీ గిన్నె ఇచ్చింది. రెండో గిన్నె తాగాక, "ట్రాక్టర్ ఇప్పటికే సగం పాడైపోయింది. లాక్కుంటే లాక్కోనీ" అన్నాడట. ఈ సంగతి హయ్రినిసా ఊరంతా చెప్పుకుని నవ్వేది.

నవంబరు పెళ్లిళ్లు టేప్ రికార్డర్లతో జరిగాయి. మదామిన్ అకా ఇంటికి ఎవరూ రాలేదు. మంచు మొదలై మేం బడికి తిరిగొస్తే, పొయ్యిలు మాత్రం రోజూ రాజేసే ఉండేవి. "పనిలోంచి తీసేశాం కదా, బొగ్గెవరు వేస్తున్నారు?" అని దోమ్లా అడిగాడు. "జీతం తీసేశారు, తాళం చెవి అడగలేదుగా" అన్నాడు మదామిన్ అకా. దోమ్లా అది విననట్టు వెళ్లిపోయాడు. ఆయన చేసిన ధైర్యమంతా అదే. కానీ చేశాడు.

డిసెంబరులో రయిస్ చిన్న కొడుకు పెళ్లి కుదిరింది. రయిస్ కొడుకు పెళ్లంటే జిల్లా పెద్దలొస్తారు. టేప్ రికార్డర్‌తో కానివ్వడానికి లేదు. ఆయన పక్క ఊరి కర్నాయ్ వాళ్లకు కబురు పెట్టాడు. వాళ్లలో పెద్దాయన, "తాల్‌బులాక్ మదామిన్ ఊరు. మదామిన్ పిలిస్తేనే వస్తాం" అని కబురు వెనక్కి పంపాడు. దాని అవతలి ఊరి వాళ్లదీ అదే మాట. ఊదేవాళ్ల మధ్య పాత కట్టుబాటు అది. ఒకడి ఊళ్లో అతని మాట లేకుండా ఇంకొకడు బూర ఎత్తడు.

చివరికి రయిస్‌ని వంచింది ఆయన తల్లి. అనార్ బువికి ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, అందుకని తను మాట్లాడేది ఊరందరికీ వినపడేది. "నీ తండ్రి పెళ్లికి మదామిన్ తండ్రి ఊదాడు! నువ్వు పుట్టావని ఊదాడు! నా మనవడేమన్నా పెళ్లికూతుర్ని దొంగిలించుకొస్తున్నాడా, చప్పుడు కాకుండా తేవడానికి? పో! పోయి ఆ పొట్టోణ్ణి బతిమాలుకో!"

రయిస్ ఒక్కడే, జీపు లేకుండా, నడిచి వచ్చాడు. ఇంటికొచ్చినవాడు శత్రువైనా రొట్టె తుంచి పెట్టాలి కదా. హయ్రినిసా రొట్టె తుంచింది, టీ పోసింది, తెర వెనక్కి వెళ్లి చెవులొగ్గి నిలబడింది.

"నీ బూర నీకిస్తా" అన్నాడు రయిస్. "ఉద్యోగమూ ఇస్తా."

"ఉద్యోగం కావాలని నిన్నడిగానా?"

"మరేం కావాలయ్యా నీకు?"

"దోమ్లా జేబులో ఒక కాయితం నలుగుతోంది. అది ఇనోబత్ చేతికి రావాలి. బడి ముందు, పిల్లలందరూ చూస్తుండగా, నువ్వే ఇవ్వాలి. నేను ఊదాలి."

"సరే, ఇస్తా. ఊదడం ఎందుకు, అల్లరి?"

"అయితే మీవాడి పెళ్లి కూడా అల్లరి లేకుండా కానిచ్చెయ్."

"బెదిరిస్తున్నావా?"

"నువ్వు నా బూర లాక్కున్నావు, అన్నం లాక్కున్నావు. ఇంకా నన్ను బెదిరించడానికి నీ దగ్గరేం మిగల్లేదు. అందుకే నేను బెదిరించగలుగుతున్నా."

రయిస్ టీ గిన్నె ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. తెర వెనక నుంచి హయ్రినిసా గొంతు వచ్చింది: "టీ చల్లారిపోతోంది, రయిస్ బాబా. ఏదో ఒకటి తేల్చండి."

సభ బడి ముంగిట్లోనే జరిగింది. ఆ రోజు గట్టిగా మంచు పడింది. రాబియా ఆపా ఇంకో మెలిక పెట్టింది. ఒక్క ఇనోబత్‌నే పిలిస్తే కుదరదు, ఆ ఏడు బాగా చదివిన ప్రతి పిల్లనీ పిల్లాణ్నీ పేరు పెట్టి పిలవాలంది. చరిత్రలో, చదవడంలో, చెట్ల గురించి బాగా తెలిసినందుకు కూడా. దోమ్లా "సమయం..." అనబోతే, "పత్తికి మూడు నెలలిచ్చాం కదా, దీనికి ఒక పూట ఇద్దాం" అంది.

పిలిచిన ప్రతి పేరుకూ మదామిన్ అకా ఊదాడు. గడ్డకట్టే చలికి ఇత్తడి పెదాలకు అంటుకుపోయింది. తీసినప్పుడల్లా చర్మం లేచి నెత్తురు కారింది. తుడుచుకుని మళ్లీ ఊదాడు. రయిస్ దగ్గి, "ఇక చాల్లే" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. చివరి పేరు ఇనోబత్‌ది. రయిస్ మొహం బిగించుకుని ప్రశంసాపత్రం చేతికిచ్చాడు. దానికి నాలుగు మడతలు పడ్డాయి, ఒక మూల టీ మరక. దోమ్లా ఆమె చెవిలో, "రయిస్ బాబాకు ధన్యవాదాలు చెప్పమ్మా" అన్నాడు.

ఇనోబత్ జనం వైపు తిరిగింది. మెల్లగా ఏదో అంది.

"ఏమందీ? గట్టిగా చెప్పమను!" అని అరిచింది ముందు బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న అనార్ బువి.

ఇనోబత్ గట్టిగానే చెప్పింది: "నాకు లెక్కలు నేర్పింది రాబియా ఆపా. నా పేరు ఊరికి వినిపించింది మదామిన్ అకా. తాబేలు మీద ఎవరు కూర్చోబెట్టారో మీకే తెలుసు. దాని మీద కూర్చునే ఈ లెక్కలు చేశాను. ఇంకా చేస్తాను."

అనార్ బువి పకపకా నవ్వి, కొడుకు మోచేతి మీద ఒక్కటిచ్చింది. రయిస్ అటు తిరిగి నిలబడ్డాడు. మదామిన్ అకా ఊదిన పెళ్లి పిలుపు మంచులో ఎంత దూరం పోయిందో గానీ, నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆ వారమే రయిస్ కొడుకు పెళ్లికీ ఊదాడాయన. పగలిన పెదాలతోనే, ఒక్క కూత కూడా తగ్గించకుండా. "పగ రయిస్‌తో, పెళ్లికొడుకుతో కాదు" అన్నాడు.

ఊరు మారిపోయిందని చెప్పలేను. మరుసటి సెప్టెంబరులో మళ్లీ చేలకే పోయాం. విమానమూ తాబేలూ మళ్లీ వచ్చాయి. కానీ విమానం కూత అయ్యాక మదామిన్ అకా రోజూ ఇంకో కూత ఊదేవాడు, చదువులో ఎవరో ఒకరి పేరు చెప్పి. రయిస్ అప్పుడు జీపు దిగడం మానేశాడు. దిగకపోవడమే తప్ప, ఆపమని మాత్రం ఇంకెప్పుడూ అనలేదు. ఇనోబత్ తాష్కెంట్‌లో చదివి అక్కడే లెక్కలు చెబుతోంది. ఆమె తర్వాత మా ఊరి ఆడపిల్లలు చాలామంది వెళ్లారు. వెళ్లిన ప్రతి పిల్ల గుమ్మం ముందూ ఆయన ఊదాడు. పిలవకుండానే వచ్చేవాడు. మొదట్లో కొందరు తండ్రులు తలుపులు వేసుకునేవాళ్లు. ఆయన మూసిన తలుపుల ముందు కూడా ఊదేవాడు.

రాజ్యం మారింది. రయిస్ పోయాడు, దోమ్లా పోయాడు. చేలకు పిల్లల్ని తోలడం కూడా చాలా ఏళ్ల తర్వాత ఆగింది. మదామిన్ అకాకు పళ్లు ఊడిపోయాయి. పళ్లు లేకపోతే కర్నాయ్ పలకదు. అందుకని ఉన్న ఆవును అమ్మి ఇనుప పళ్లు కట్టించుకున్నాడు. హయ్రినిసా ఆ ఆవు గురించి బతికినంత కాలం సాధించింది.

ఆయన్ని నేను చివరిసారి చూసింది ఒక జూన్ నెలలో. మా వీధి చివర ఒక ఇంటి ముందు నిలబడి, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ ఊదుతున్నాడు. ఆ ఇంటి కుర్రాడు సిగ్గుతో తలుపు చాటున నక్కాడు. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి, "ఏం అకా, వీడికి బంగారు పతకం వచ్చిందా ఏంటి?" అని వెటకారమాడాడు.

"రసాయన శాస్త్రంలో మూడు వచ్చింది."

"అయిదుకి మూడా! మూడుకి కూడా ఊదుతారా ఎవరైనా?"

"నిరుడు వీడికి రెండు. అంతకు ముందేడూ రెండు" అని, మదామిన్ అకా కర్నాయ్ మళ్లీ ఎత్తాడు. "తల పక్కకు పెట్టు, చెవులు పోతాయి."